ఇరవై మీటర్లకొకసారి వెనక్కి

2018 జనవరి రెండో తేదీ, మంగళవారం. తమిళనాడులో ధర్మపురి జిల్లాలోని ఒక తాలూకా ఆఫీసులో నేను ఫిర్కా సర్వేయర్‌గా పనిచేస్తుండేదాన్ని. జనవరి ఒకటి ప్రభుత్వ సెలవు కాబట్టి మా ఆఫీసులో కొత్త సంవత్సరం ఎప్పుడూ ఒక రోజు ఆలస్యంగానే మొదలవుతుంది. అది ఏ తాలూకానో చెప్పను. అప్పటివాళ్లు చాలామంది ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. పైగా ఇందులో తప్పు చేసింది నేను కాబట్టి ఆఫీసు పేరుతో మీకు పని లేదు.

ఫిర్కా అంటే కొన్ని ఊళ్లను కలిపి కట్టిన గుంపు. తాలూకాకు అలాంటివి నాలుగైదు ఉంటాయి. ఒక్కో ఫిర్కాకు ఒక సర్వేయర్. పైన తాలూకా మొత్తానికి ఒక డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ సర్వే, ఆఫీసు పెద్ద తహసీల్దారు, కింద భూమి కొలిచే గొలుసు పట్టడానికి ఒక చెయిన్‌మన్. నేను 1991లో చేరినప్పుడు మా బ్యాచ్‌లో ఆడవాళ్లం ఇద్దరమే. కుచ్చెళ్లు ఎగదోపి ముళ్లకంపల్లో నడిచే ఆడమనిషిని చూడడానికి మొదట్లో ఊళ్లకు ఊళ్లే గట్టెక్కి నిలబడేవి. తర్వాత వాళ్లకూ అలవాటైపోయింది, నాకూ అలవాటైపోయింది. ‘సర్వేయరమ్మ’ అనే పేరు మాత్రం మిగిలింది.

మాది నల్లంపల్లి, హైవే పక్కన అంగడి పెట్టుకున్న కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా పిల్లల్లో చాలామందికి ఈ లిపి చదవడం రాదు. నాకు మా అమ్మ నేర్పింది, పంచాంగం చూసిపెట్టడానికి ఇంట్లో ఒక మనిషి కావాలని. ఆ పుణ్యాన ఇది తెలుగులో రాయగలుగుతున్నాను.

ఆ మంగళవారం ఉదయం తహసీల్దారు గారు మమ్మల్నందరినీ హాల్లోకి పిలిచారు. ప్రమోషన్ మీద కొత్తగా వచ్చిన మనిషి, ఉత్సాహం చొక్కా జేబులోంచి పొంగిపొర్లుతుండేది. గోడకు పెద్ద చార్టు అంటించి, పైన కొత్త సంవత్సరపు తీర్మానాలు అని తమిళంలో రంగు రంగుల అక్షరాలతో రాయించారు. కింద వరసగా మా పేర్లు, ఎదురుగా ఖాళీ గడులు. ప్రతి ఒక్కరూ ఒక తీర్మానం రాయాలి, ప్రతి శుక్రవారం సాయంత్రం ఎవరు ఎంతవరకు వచ్చారో అందరి ముందూ చదవాలి.

టైపిస్టు సెల్వి రోజుకు ఒక్క టీతో సరిపెట్టుకుంటానని రాసింది. రికార్డు గది గుమాస్తా వక్కాకు మానేస్తానని, నోట్లో వక్కాకు ఉండగానే రాశాడు. ఒకాయన తెల్లవారుజామున నడక అన్నాడు. ఆయన నడక పొంగల్ సెలవులదాకా కూడా సాగలేదని తర్వాత తెలిసింది. మా వైపు ఆరంభశూరులకు కరువు ఎప్పుడూ లేదు.

నా వంతు వచ్చింది. నా బల్లమీద అప్పటికి నూటికి పైగా అర్జీలు పెండింగులో ఉన్నాయి. హద్దులు చూపించమనేవి కొన్ని, అన్నదమ్ముల మధ్య భూమి విడగొట్టి కొత్త పట్టా ఇవ్వమనేవి కొన్ని. ‘మార్చి నెలాఖరుకు ఒక్క అర్జీ కూడా పెండింగు ఉండదు’ అని పెద్ద అక్షరాలతో రాశాను. తహసీల్దారు గారు చప్పట్లు కొట్టారు. చప్పట్లు నాకు ఇష్టమే, కాదనను.

మిగిలింది మాదయ్యన్. నా చెయిన్‌మన్. నాకంటే మూడేళ్లు పెద్ద, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. పెన్ను చేతికిస్తే తీసుకోలేదు. ఎందుకని అడిగితే తమిళంలో నెమ్మదిగా చెప్పాడు. గొలుసు పట్టుకుని ముందు నడిచేవాడు ఇరవై మీటర్లకొకసారి నిలబడి వెనక్కి తిరగాలి సార్, వెనకున్న మనిషి చెయ్యి ఊపి ఇటు జరుగు, అటు జరుగు అంటాడు, అలా సర్దుకుంటూ పోతే లైను తప్పదు, ఏడాదికొకసారి మాత్రమే తిరిగి చూస్తే ఏ ఊళ్లో తేలతామో. మా గొలుసు పొడవు ఇరవై మీటర్లు. అతను చెప్పింది మా పనిలో మొదటి రోజు నేర్పే పాఠమే. అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నేనే నవ్వి ఉంటాను. తహసీల్దారు గారు అతని గడిలో ‘లేదు’ అని రాయించారు.

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పాలి. ట్రైనింగులో మాకు పటాలు గీయడం నేర్పిన ముసలి డ్రాఫ్ట్స్‌మన్ ఒక అలవాటు చేయించారు. పొలంలో కొలతలు రాసుకునే పుస్తకాన్ని ఫీల్డ్ బుక్ అంటాం. రోజు పని అయ్యాక దాన్ని మూసేముందు చివరి పేజీలో మూడు ముక్కలు రాయాలి: ఇవాళ ఏది కళ్లారా చూశాను, ఏది చూడకుండానే ఉందనుకున్నాను, ఎవరిని అడగాల్సింది అడగలేదు. అయిదు నిమిషాల పని. పైవాళ్లకు చూపించక్కర్లేదు, ఎవరూ చప్పట్లు కొట్టరు. ఇరవై ఆరేళ్లు సరిగ్గానో వంకరగానో రాస్తూ వచ్చాను. జనవరి రెండు నుంచి మానేశాను. రోజుకు అయిదు అర్జీల లెక్కన పరిగెడుతుంటే ఆ అయిదు నిమిషాలు దండగ అనిపించింది. పైగా తీర్మానం ఉందిగా, గోడమీద, రంగుల్లో.

హద్దు కొలవడం ఎలాగో కూడా కాస్త చెప్తాను, లేకపోతే నా తప్పు ఎంత అందమైనదో మీకు తెలియదు. ప్రతి సర్వే నంబరుకూ ఆఫీసులో ఒక పటం ఉంటుంది. ఏ మూలన సర్వే రాయి ఉంది, ఒక రాయికీ ఇంకో రాయికీ మధ్య దూరం ఎంత అన్నీ అందులో ఉంటాయి. సర్వే రాయి తలమీద ఉలితో చెక్కిన గుర్తు ఉంటుంది. మేం పొలానికి వెళ్లి ముందుగా ఆ రాళ్లను వెతుక్కుంటాం. రెండు రాళ్ల మధ్య దూరం గొలుసుతో కొలిచి పటంతో సరిచూస్తాం. అక్కడితో ఆగకుండా ఆ రెండు రాళ్ల నుంచీ ఇంకో మూలన ఉన్న మూడో రాయికి ఏటవాలుగా కొలవాలి. అదీ సరిపోతేనే ఆ రాళ్లను నమ్మి హద్దు గీయాలి. మూడో రాయి చూడకుండా గీత గీయకూడదు. ఇది రూలు.

ఫిబ్రవరి రెండో వారంలో ఒక ఊరికి వెళ్లాం. ఊరి పేరు కూడా వదిలేద్దాం. రంగప్ప అనే రైతు తన పొలానికి రాతి కంచె వేసుకుంటానని, ఉత్తరపు హద్దు చూపించమని అర్జీ పెట్టుకున్నాడు. ఆ హద్దుకు అవతల ఒక చిన్న ఇల్లు. ఇంటివాళ్లు మనవాళ్లే, తెలుగు మాట్లాడే కుటుంబం, భార్యాభర్తలిద్దరూ కట్టుబడి పనికి పోతారు. పక్కవాళ్లకు ముందుగా నోటీసు ఇవ్వాలి, ఇచ్చాం. నోటీసు తమిళంలో ఉంది, తీసుకుని వేలిముద్ర వేసింది ఇంట్లో ఉన్న అవ్వ. కొడుకూ కోడలూ హోసూరులో ఒక బిల్డింగు పనిమీద ఉన్నారు. వాళ్లు వచ్చేదాకా ఆగవచ్చు. ఆగితే ఆ రోజు లెక్క నాలుగే అవుతుంది. నేను ఆగలేదు.

తూర్పు మూల రాయి సులభంగా దొరికింది, తలమీద గుర్తు స్పష్టంగా ఉంది. పడమటి మూలన చూస్తే, ఆ ఇంటి దగ్గరే, పెద్ద ఎరువు దిబ్బ పక్కన మోకాలెత్తు రాయి ఒకటి నిలబడి ఉంది. నిండా పసుపు, పైన కుంకుమ, ఏళ్ల తరబడి పోసిన నూనెతో అట్టలు కట్టిపోయి ఉంది. మా ప్రాంతంలో సర్వే రాళ్లకు పసుపు పూయడం మామూలే. హద్దు కాపాడే రాయి దేవుడితో సమానమని నమ్మకం. అందుకే నాకు అనుమానం రాలేదు. గుర్తు కనబడాలంటే ఆ పసుపు గీకాలి. పూజ చేసిన రాయిని కత్తితో గీకడానికి నాకు చెయ్యి రాలేదు. మా అమ్మ పుట్టిల్లు మహేంద్రమంగళం, అక్కడ అలాంటి రాయిమీద కాలు తగిలితే మేనమామ చేత మొట్టికాయ పడేది. చెప్పులు విప్పి, రాయికి దండం పెట్టి, క్షమించమని మనసులో చెప్పుకుని, దానిమీదే గొలుసు పెట్టించాను.

దూరం పటంతో సరిపోయింది. ఒక్క సెంటీమీటరు తేడా. దానికి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. మాదయ్యన్ మాత్రం గొలుసు చుట్టకుండా నిలబడ్డాడు. మూడో రాయికి కూడా కొలిచి చూద్దామా అని అడిగాడు. మూడో రాయి వాగు గట్టుకు అవతల, కంపల మధ్యన ఉంది. పోయిరావడానికి అరగంట పడుతుంది. ఇంకా రెండు ఊళ్లున్నాయి, వద్దన్నాను. అతను గొలుసు చుట్టేశాడు.

గీత లాగితే అది ఆ చిన్న ఇంటి వంటగదిలోంచి పోయింది. వంటగది దక్షిణపు గోడ రంగప్ప భూమిలోకి నాలుగడుగులు చొచ్చుకుని ఉందని తేలింది. సున్నంతో గీత పోయించాను, పొయ్యి పక్కనుంచి, డబ్బాల కిందుగా. అవ్వ నాకు చెంబు నిండా మజ్జిగ ఇచ్చింది, ఎంతో ఆదరంగా. ఇల్లు కూలేటట్టు గీత పోసిన మనిషికి మజ్జిగ ఎందుకిచ్చిందా అని ఒక్క క్షణం ఆశ్చర్యపోయాను. దాహంలో ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది. రంగప్ప పెద్ద మనసు చేసుకుని, గోడ తీసేసుకోవడానికి పది రోజులు గడువిచ్చాడు. నేను రిపోర్టు మీద సంతకం పెట్టాను. ఆ శుక్రవారం నా పేరు చదివినప్పుడు హాల్లో చప్పట్లు మోగాయి.

తర్వాతి గురువారం ఆ ఇంటి కోడలు సరోజమ్మ ఆఫీసుకు వచ్చింది. ముప్పై అయిదు, నలభై మధ్య వయసు, అరచేతులు సిమెంటుకు ఒరిసి గరుకుబారి ఉన్నాయి. తమిళంలో మొదలుపెట్టి, నా మాట యాస పట్టుకుని తెలుగులోకి మారింది. ఏడుస్తుందేమో, అరుస్తుందేమో అనుకున్నాను. రెండూ చేయలేదు.

“మేడమ్, మీరు మా ఇంటికాడ అళవు తీసినారంట. మేము హోసూరులో ఉంటిమి, నిన్ననే వచ్చినాము. గోడ తప్పంటే పడేస్తాము. కట్టినది మేమే, పడేసేదీ మేమే, మా పనే అది. ఆయప్ప మేస్త్రీకాడ మూడు దినాలు సెలవు కూడా అడిగినాడు. కానీ యాడ తప్పినామో నాకు చూపించండి. నూలు కట్టి, గుండు ఏసి, వరస వరసకీ రసమట్టం పెట్టి కట్టిన గోడ అది. పదేండ్లు కట్టినాము, చేతిలో ఉన్నప్పుడు నాలుగు వరసలు, లేనప్పుడు నిలిపేసి. నాలుగడుగులు ఎట్ల తప్పుతాము?”

అళవు అంటే కొలత, ఆయప్ప అంటే ఆమె భర్త. నేను నా పద్ధతిలో జవాబు చెప్పాను. కొలతమీద అభ్యంతరం ఉంటే అప్పీలు పెట్టుకోవచ్చు, పై అధికారి వచ్చి మళ్లీ కొలుస్తారు, రెండు మూడు నెలలు పట్టవచ్చు.

“సోమవారం రంగప్పన్న రాళ్లు దించుతాడు మేడమ్. మీ అప్పీలు వచ్చేసరికి మా వంటిల్లు రాళ్లకుప్ప అయిపోయి ఉంటాది.” తర్వాత నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది: “మేము వరస వరసకీ మట్టం పెట్టి చూస్తాము. మీరు ఎప్పుడు పెట్టి చూస్తారు?”

నాకు కోపం వచ్చింది. అది దాచడం ఎందుకు? ఇరవై ఆరేళ్ల సర్వీసు, కట్టుబడి పనికి పోయే మనిషి వచ్చి నా పని ఎలా చేస్తావని అడుగుతోంది. రూలు ప్రకారమే చేశాం అని చెప్పి పంపేశాను. ఆమె నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. అప్పీలు ఫారం కూడా అడగలేదు.

కోపం మధ్యాహ్నం భోజనందాకా ఉంది. పెరుగన్నం తినేటప్పుడు ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. మీరు ఎప్పుడు పెట్టి చూస్తారు? అయిదు గంటలకు ఆఫీసు ఖాళీ అవుతుంటే ఫీల్డ్ బుక్ తీసి చివరి పేజీలు తిప్పాను. డిసెంబరు 29 తర్వాత అంతా తెల్లగా ఉంది. ఆ రోజు తేదీ వేసి రాయడం మొదలుపెట్టాను.

చూసింది: పసుపు రాసిన రాయి. తలమీద గుర్తు చూడలేదు.

అనుకున్నది: పసుపు కింద గుర్తు ఉంటుందని. దూరం సరిపోయింది కాబట్టి రాయి అదేనని.

ఈ రెండో ముక్క దగ్గర నా పెన్ను ఆగిపోయింది. దూరం సరిపోయినంత మాత్రాన రాయి అదే కానక్కర్లేదు. పెద్ద పొలం కొసన రాయి నాలుగైదడుగులు పక్కకు జరిగినా, ఇవతలి రాయి నుంచి దూరం దాదాపు మారదు. తాడు ఒక కొస పట్టుకుని రెండో కొసను కొంచెం పక్కకు జరపండి, తాడు పొడవు మారదు, దిశ మారుతుంది. అది పట్టుకోవడానికే మూడో రాయి. ఈ పాఠం నేను కొత్తవాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో. చెవులు ఎర్రబడ్డాయి, ఖాళీ ఆఫీసులో, ఎవరూ చూడకుండానే.

అడగనిది: మజ్జిగ ఇచ్చిన అవ్వను.

మర్నాడు శుక్రవారం, పొద్దున్నే మొదటి బస్సుకు మాదయ్యన్‌ను తీసుకుని వెళ్లాను. ఎందుకని అతను అడగలేదు. బస్సులో కిటికీ పక్క సీటు మాత్రం నాకు ఇవ్వకుండా తానే కూర్చున్నాడు. ఆ మాత్రం హక్కు అతనికుందని నేనూ ఊరుకున్నాను.

సరోజమ్మ ఇంటి ముందు పాత్రలు బయటికి చేర్చి పెట్టి ఉన్నాయి. వంటగది డబ్బాలు, పొయ్యి, రుబ్బురోలు. నేరుగా అవ్వ దగ్గరికి పోయి, ఆ పసుపు రాయి ఎవరు పాతారని అడిగాను.

అవ్వ నోరు తెరిచి నవ్వింది. “అది సర్కారు రాయా? మా పెద్దోళ్ల రాయి తల్లీ! మా అత్త కాలం నుంచి మొక్కతా ఉండాము. ఆ పొద్దు నువ్వు చెప్పులిడిసి మొక్కినావు కదా, మా పెద్దోళ్లకి మొక్కే ఆఫీసరమ్మ వచ్చిందని నేను మజ్జిగ ఇస్తిని.”

“మరి సర్కారు రాయి ఎక్కడుంది అవ్వా?”

“ఈ దిబ్బ కింద ఉండాది. దానికి పసుపు ఎవురు పెడతారు?”

మాదయ్యన్ అటు తిరిగి దగ్గాడు. దగ్గు అని నేను నమ్మాను.

నేను చెప్పకముందే సరోజమ్మ పార తీసుకుంది. ఆమె భర్త గంప పట్టాడు. మనిషి ఎత్తు దిబ్బను పక్కకు తోడడానికి గంటన్నర పట్టింది. అడుగున, నేలకు సమానంగా కూరుకుపోయి, చిన్న రాయి తల కనబడింది. నీళ్లు పోసి తుడిస్తే ఉలి గుర్తు. పెద్దోళ్ల రాయికి దక్షిణంగా దాదాపు అయిదడుగుల దూరం. తర్వాత తూర్పు రాయి నుంచి కొలిచాం, సరిపోయింది. కంపల్లోంచి నడిచి, చీర రెండుచోట్ల చింపుకుని, మూడో రాయికీ కొలిచాం. అదీ సరిపోయింది. పెద్దోళ్ల రాయి నుంచి మూడో రాయికి కూడా పట్టి చూశాను, ఊరికే, నా బుద్ధి కోసం. అడుగుల కొద్దీ తేడా వచ్చింది. ఆ రోజు అరగంట నడిచి ఉంటే అక్కడే తెలిసిపోయేది.

కొత్త గీత ప్రకారం వంటగది గోడ వాళ్ల భూమిలోనే ఉంది, హద్దుకు జానెడు ఇవతల. గోడ బయట బట్టలుతికే బండ మాత్రం అర అడుగు రంగప్ప వైపు దాటింది. సరోజమ్మ గీత దగ్గర కూర్చుని, ఒక కన్ను మూసి గోడ వెంబడి చూసింది. ఆ చూపు మేస్త్రీల చూపు.

“బండ తప్పే. దానికి నూలు కట్టలేదు, కంటితో చూసి ఏసినాము” అని, ఎవరూ అడగకుండానే గడ్డపార తీసుకుని దాన్ని పెకలించేసింది. నేను నోరు తెరిచేలోపే ఆమె తన తప్పు సరిచేసుకోవడం అయిపోయింది. నా పని ఇంకా మిగిలి ఉంది.

ఈలోగా రంగప్ప వచ్చాడు. అతని కోపం న్యాయమైనది. “పోయిన వారం ఒక గీత, ఇప్పుడొక గీత. రేపు వచ్చి మా బావిలో గీస్తారా సర్వేయరమ్మా?” అన్నాడు. నలుగురు చేరారు. నేను అందరూ వినేటట్టు, పోయినసారి మూడో రాయి చూడకుండా గీశాను, ఆ గీత నా తప్పు అని చెప్పాను. చెప్పడానికి అంత కష్టమేమీ కాలేదు. అతన్ని దిబ్బ దగ్గరికి తీసుకెళ్లి రాయి తలమీది గుర్తులో వేలు పెట్టించాను. వేలు రెండుసార్లు తిప్పి చూశాడు. “మా నాయన ఉన్నప్పుడు ఇదే రాయి అని చెప్పినట్టు గుర్తు” అని గొణిగాడు. నేను అతన్నీ అడగలేదని అప్పుడు తెలిసింది.

నా సంతకం పడ్డ రిపోర్టును నేనే కొట్టేయలేను. అది పైవాళ్ల పని. ఆ మధ్యాహ్నమే మా డిప్యూటీ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా, నా కొలతలో తప్పుంది, తనిఖీ చేసి రద్దు చేయమని రాసిచ్చాను. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని చదివారు. జనం సర్వేయర్ మీద అర్జీ పెట్టడం ఆయన చూశారుగానీ, సర్వేయర్ తనమీద తానే పెట్టుకోవడం చూడలేదట. రంగప్ప సణుగుతూనే రాళ్ల లారీ ఆపాడు. డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ బుధవారం వచ్చి మూడు రాళ్లూ చూసి కొత్త గీత ఖాయం చేశారు. శనివారానికి కంచె లేచింది, సరైన చోట. పాత్రలు వంటగదిలోకి తిరిగి వెళ్లాయి.

నాకు మెమో వచ్చింది, నీమీద ఎందుకు చర్య తీసుకోకూడదో చెప్పమని. రెండు వాక్యాల్లో జవాబిచ్చాను. సర్వీసు పుస్తకంలో ఒక హెచ్చరిక చేరింది. అది ఇప్పటికీ ఉంది. అంతకంటే ఇబ్బంది పెట్టింది ఇంకోటి. జనవరి రెండు నుంచి నేను ముగించిన ఫైళ్లన్నీ ముందేసుకుని, మూడో రాయి చూడనివి ఎన్ని అని వెతికాను. పదకొండు తేలాయి. పదకొండూ మళ్లీ కొలిచాం. తొమ్మిది సరిగ్గానే ఉన్నాయి, రెండింటిలో తేడా వచ్చింది, దేవుడి దయవల్ల వాటిలో గోడల్లేవు. ఆ పనిలో మూడు వారాలు పోయాయి. శుక్రవారం లెక్కల్లో నా పెండింగు తగ్గడం మాని పెరిగింది.

తహసీల్దారు గారు నొచ్చుకున్నారు. మీ తీర్మానం ఏమైంది అని హాల్లో అందరి ముందూ అడిగారు. తీసేశాను సార్ అన్నాను. మరి దాని బదులు కొత్తది ఏం రాస్తారు అన్నారు. ఏమీ రాయను, సాయంత్రం పూట అయిదు నిమిషాలు నా పుస్తకంలో నేను చూసుకుంటాను అన్నాను. ఆయన చెడ్డ మనిషి కాదు, అర్థం కాలేదంతే. చార్టులో నా గడిలో కూడా ‘లేదు’ అని పడింది. మాదయ్యన్ దాన్ని చూసి, మన ఇద్దరి పేర్లూ ఇప్పుడు ఒక లైనులో ఉన్నాయి అన్నాడు. మార్చి నెలాఖరుకు నా అర్జీలు తీరలేదు. ఆగస్టులో తీరాయి. అప్పటికి ఆ తహసీల్దారు గారికి హరూర్ బదిలీ అయింది, టైపిస్టు సెల్వి నాలుగు టీలకు వచ్చింది, చార్టు మీద ఇంకెవరో ప్లాస్టిక్ వాడవద్దనే పోస్టరు అంటించారు.

నేను రిటైరై కొన్నేళ్లయింది. జనవరి వస్తే మా అంగడికి వచ్చే కుర్రాళ్లు ఈ ఏడాది ఏం తీర్మానం అత్తా అని అడుగుతారు. ఏమీ లేదంటే ముసలితనం అనుకుంటారు. అనుకోనీ. రేపు ఏం చేస్తానో గోడమీద రాసుకోవడం కంటే, ఇవాళ ఏం చూశానో, ఏం చూడకుండానే సరే అన్నానో, ఎవరిని అడగలేదో రాసుకోవడం నాకు ఎక్కువ పనికొచ్చింది. అది కూడా సంవత్సరానికొకసారి కాదు, పొద్దు గూకినప్పుడల్లా. తప్పులు ఆగవు, కాకపోతే చిన్నవిగా ఉన్నప్పుడే కనబడతాయి. ఆ సంగతి వల్ల నాకు తెలిసింది ఇంతే.

పోయిన ఏడాది సరోజమ్మ ఫోన్ చేసింది. ఇంటికి ఇంకో గది వేస్తున్నారట, పునాది తవ్వేముందు ఒకసారి వచ్చి హద్దు చూసి పొమ్మంది. నాకిప్పుడు అధికారం లేదని చెప్పాను. “అధికారం ఎవురికి కావాల మేడమ్, మీరు రండి” అంది. బస్సెక్కి వెళ్లాను. అవ్వ లేదు. పెద్దోళ్ల రాయికి పసుపు అలాగే ఉంది, పక్కన సర్కారు రాయి దిబ్బ కింద లేకుండా శుభ్రంగా బయటికి కనబడుతోంది, దాని తలమీద కూడా చిన్న పసుపు బొట్టు. మూడు రాళ్లూ చూసి, టేపు పట్టి, నూలు కట్టించి, ఇదీ మీ గీత అన్నాను.

సరోజమ్మ నూలు వెంబడి ఒక కన్ను మూసి చూసింది. తర్వాత తన సంచిలోంచి తన టేపు తీసింది.

“ఏమీ అనుకోవద్దండి మేడమ్. నేనొక తూరి పెట్టి చూస్తాను.”

నేను వంగి టేపు రెండో కొస పట్టుకున్నాను.